తలుపు తీసి ఇచ్చిన సాక్ష్యం

పొద్దుటి కేసు తాలూకు ఛాయ తల దిగేసరికి హైమ నోట్లో తుప్పు రుచి మిగిలింది. అది మామూలే. తల మీది తొడుగు తీశాక ప్రతి తొడుగరికీ ఏదో ఒక రుచి మిగులుతుంది, కొందరికి ఉప్పు, కొందరికి కాలిన గుడ్డ. ఆమె కళ్లు మూసుకునే కూర్చుంది. గది మనిషి ఈశ్వరమ్మ వచ్చి భుజం తట్టేదాకా కళ్లు తెరవకూడదు. చట్టంలో ఎక్కడా లేదు గానీ, చట్టం కన్నా గట్టిది ఆ ఆచారం.

భుజం మీద తట్టు పడింది. హైమ కళ్లు తెరిచింది. గది ఎప్పటిలాగే అద్దంలా ఉంది. పొయ్యి తుడిచి ఉంది, గిన్నెలు బోర్లించి ఉన్నాయి. తన జుట్టు ఎవరో దువ్వినట్టు సర్ది ఉంది. ఈశ్వరమ్మ తడి తువ్వాలు అందించింది. హైమ ముఖం తుడుచుకుని, పమిట సరిచేసుకుని, పీఠం ముందుకు వెళ్లింది.

"మాట కాస్త ఆలస్యంగా తడుతోంది. మిగతాదంతా బాగానే ఉంది," అని సాక్ష్యం చెప్పింది.

గోడ మీద, సాక్ష్యాలను తూచే యంత్రం తూనిక ఒక్క క్షణం ఆలోచించి 'స్వల్పం' అని వెలిగింది. బస్సు మెట్ల మీంచి పడి తల పగిలిన పంతులమ్మ ఒకావిడ తలవంచి నమస్కరించి వెళ్లిపోయింది. అంతే, ఆ కేసు అయిపోయింది.

విశాఖ సముద్రపు గోడ మీద కట్టిన శిరోఘాత న్యాయపీఠంలో హైమకు మంచి పేరుంది. తలకు దెబ్బ తగిలినవాళ్ల మెదడు ఛాయను ఆసుపత్రిలో పట్టి పంపుతారు. తొడుగరి ఆ ఛాయను కాసేపు తలకెత్తుకుని, టీ కాచి, ఇంటికి దారి చెప్పి, ఎదుటి మనిషితో నాలుగు మాటలాడి, తనకు ఏమనిపించిందో వచ్చి చెబుతుంది. రోగి మర్చిపోతాడు, చుట్టం పెంచి చెబుతాడు, వైద్యుడు నసుగుతాడు, తొడుగరి ఒక్కతే ఉన్నది ఉన్నట్టు చెబుతుంది. ఈ నమ్మకం మీదే పీఠం నడుస్తోంది. హైమ కూడా దీన్ని నమ్మింది. తన సాక్ష్యాల్లో ఒక్క మాట ఎక్కువ ఉండదని లోలోపల కొంచెం గర్వం కూడా ఉండేది.

తర్వాతి కేసు చిన్నంనాయుడిది. రేవులో తేలుడు క్రేను నడిపేవాడు. గొలుసు తెగి, కొస వచ్చి తల పక్కన కొట్టింది. ఉచిత న్యాయసహాయం తరఫున వకీలు డేవిడ్‌రాజు అతని పక్షాన నిలబడ్డాడు. కోలుకునే కేంద్రంలో చోటిచ్చి వైద్యం చేయించమని అతను అడుగుతున్నాడు. మనిషి నిక్షేపంలా ఉన్నాడు, రేపే వచ్చి క్రేను ఎక్కమంటున్నాం అని రేవు యాజమాన్యం వాదన. తూనిక 'అర్హుడు' అంటే వైద్యం ఆగిపోతుంది, అతను మళ్లీ ఆ ఎత్తున కూర్చోవాలి, కింద మనుషులు పనిచేస్తుంటారు.

చూడ్డానికి నిజంగానే నిక్షేపంలా ఉన్నాడు. నున్నగా గడ్డం గీసి, తలకు నూనె రాసి, ఇస్త్రీ చొక్కా తొడిగి తీసుకొచ్చింది భార్య ఎర్నమ్మ. ఎవరేమడిగినా చిరునవ్వుతో బాగున్నానండి అంటున్నాడు. పెళ్లిచూపులకు తెచ్చినట్టు తెచ్చావేమిటమ్మా అని డేవిడ్‌రాజు ఆమెను విసుక్కున్నాడట. కోర్టుకి తెస్తూ మనిషిని మురికిగా ఎలా తెస్తానని ఆమె ఎదురడిగిందట.

హైమ గదిలోకి వెళ్తుంటే ఎర్నమ్మ దారికి అడ్డొచ్చింది. గొంతు బాగా తగ్గించి మాట్లాడింది.

"అమ్మా, ఆడు నీ తలకాయలోకి వచ్చినప్పుడు ఏటైనా తప్పుగా సేత్తే అందరిముందూ సెప్పీకమ్మా. ఆడికేటీ తెలీదు. మంచోడే. పరువుగా బతికినోళ్లం."

తనకు అనిపించింది తప్ప ఇంకేమీ చెప్పనని హైమ ఆమెకు ధైర్యం చెప్పింది. ఆ మాట చెప్పినందుకు తర్వాత చాలా సిగ్గుపడింది.

తలుపు మూసుకుంది. తొడుగు తల మీదికి దిగింది. చిన్నంనాయుడి ఛాయ ఎక్కగానే హైమకు హాయిగా అనిపించింది. ఎక్కడా అడ్డు లేదు, మాట తడబడలేదు. టీ కాచింది, చక్కగా పొంగింది. ఇంటికి దారి గడగడా చెప్పింది. ఈశ్వరమ్మ ఏదో నస పెడుతుంటే నెమ్మదిగా సర్దిచెప్పింది. ఇంత తేలికైన ఛాయ ఈమధ్య రాలేదనుకుంటూ తొడుగు తీసి, కళ్లు మూసుకుని కూర్చుంది.

భుజం మీద తట్టు పడలేదు. కుళాయి కారుతున్న చప్పుడు మాత్రం ఆగకుండా వినిపిస్తోంది. ఏదో మాడిన వాసన. ఆచారాన్ని కాదని హైమ కళ్లు తెరిచింది.

పాలు నేలంతా పారాయి. పొయ్యి ఇంకా మండుతూనే ఉంది, దాని మీద వట్టి గిన్నె ఒకటి నల్లగా మాడుతోంది. రెండో గిన్నె గోడ వారన సొట్టపడి ఉంది. ఈశ్వరమ్మ కుళాయి కింద చెయ్యి పెట్టుకుని నిలబడింది. మణికట్టు దగ్గర్నుంచి మోచేతి దాకా ఎర్రగా కాలింది.

"నేనేనా?" అంది హైమ.

ఈశ్వరమ్మ ముందు వెళ్లి పొయ్యి కట్టేసింది. పొయ్యి మండుతోందని చెప్పినందుకు పాలగిన్నె విసిరారని, చేత్తో కాచుకోబట్టి ముఖం దక్కిందని, ఏదో వంకాయ ధర చెప్పినంత మామూలుగా చెప్పింది. నాకు అన్నీ బాగా చేసినట్టే గుర్తుందే అంది హైమ. కొన్ని ఛాయలు అంతేనని, దెబ్బ తగిలిన చోటే ఆ దెబ్బను చూసుకునే చోటు కూడా అయితే మనిషికి తనలో తప్పు కనిపించదని డాక్టర్లు అనుకుంటుండగా తాను విన్నానంది ఈశ్వరమ్మ.

"మరి ఇన్నాళ్లూ నాకెందుకు చెప్పలేదు?"

"గది మాట గదిలోనే గదమ్మా. మీకు సిగ్గవుతాదని తుడిసెత్తాను. మీ పెద్ద తొడుగర్లే అలగ సెయ్యమన్నారు. ఇయాల సెయ్యి కాలింది, ఆలీసమైపోనాది."

హైమకు మొదట తన గురించే సిగ్గు కలిగింది. ఈ మనిషి తనను ఇంకా ఏయే అవతారాల్లో చూసిందో, తన ఒంటి మీద ఏమేం తుడిచిందో అని. ఆ తర్వాత గుర్తొచ్చారు మిగతావాళ్లు. అంతా బాగానే ఉందని తాను చెబితే తలవంచి వెళ్లిపోయినవాళ్లు. వాళ్లే ముందు గుర్తు రానందుకు రెండో సిగ్గు పట్టుకుంది, అది మొదటిదానికంటే బరువుగా ఉంది. ముఖం కడుక్కోవడానికి కుళాయి దాకా వెళ్లి, కడుక్కోకుండా వెనక్కి వచ్చింది. ఈశ్వరమ్మ చేతికి తానే మందు రాసింది.

ఇప్పుడు పీఠం ముందుకెళ్లి ఏం చెప్పాలి? అనిపించినదే చెప్పాలి, అనిపించిందేమో అంతా బాగుందని. కళ్లతో చూసింది చెబితే తూనిక ఒప్పుకోదు. తొడుగరి నరాల్లో మిగిలిన జాడతో మాటను సరిపోల్చి, తేడా వస్తే కూటసాక్ష్యం అంటుంది. నిజం చెబితే అబద్ధమవుతుంది, అబద్ధం చెబితే నిజమవుతుంది. ఇంత చక్కని ఏర్పాటును ఎవరో ఒక్కరు చెయ్యలేరు, అందరూ మర్యాదస్తులైతేనే కుదురుతుంది.

ఆమె వసారాలోకి వచ్చి డేవిడ్‌రాజును పక్కకు పిలిచింది. తలుపు మూయాలని చట్టంలో ఉందా అని అడిగింది. అతను నొసలు రుద్దుకున్నాడు. తలుపు తొడుగరి మర్యాద కోసం పెట్టిందేనని, తొడుగరే వద్దంటే తియ్యవచ్చని, కానీ ఇంతవరకు ఎవరూ వద్దనలేదని చెప్పాడు. తర్వాత మెల్లిగా అన్నాడు.

"మేడమ్, నా కేసుకి మంచిదే. మీకు మాత్రం కాదు. మిగతా తొడుగర్లు మళ్లీ మీ పక్కన కూర్చోరు."

"తెలుసండి," అంది హైమ. పీఠం వైపు నడిచింది.

పీఠం మీద న్యాయాధికారిణి వసుంధరాదేవి. ఛాయను సభలోనే, అందరి ఎదుటా మళ్లీ తొడుగుతానని హైమ మనవి చేసుకుంది. ఇలాంటిది ఎప్పుడూ వినలేదని రేవు వకీలు లేచాడు. వినకపోవడం అభ్యంతరం కాదని ఆవిడ కూర్చోబెట్టింది. ఛాయ ఎవరిదో అతని సమ్మతి కావాలి కనుక చిన్నంనాయుణ్ణి అడిగింది.

"సెయ్యమనండి. నాకేటి బయం? నాను బాగానే ఉన్నాను గదా," అన్నాడతను నవ్వుతూ.

పక్కన ఎర్నమ్మ ముఖం తెల్లబోయింది. హైమ ఆమె వైపు చూడలేకపోయింది. తన లోపం తనకు తెలియని మనిషి దగ్గర ఆ తెలియకపోవడాన్నే సమ్మతిగా తీసుకుంటోంది తాను. ఇది న్యాయమో కాదో ఆమెకు తెలియలేదు. ఇంకో దారి కనిపించలేదు, అంతే.

పొయ్యి, పాలు, గిన్నెలు సభలోకి తెచ్చారు. వేడివి మనుషులకు అందనంత దూరంలో పెట్టమని, ఏం జరిగినా తుడవవద్దని హైమ ఈశ్వరమ్మకు చెప్పింది. ఈశ్వరమ్మ కాలిన చేతిని కొంగులో దాచుకుని తలూపింది. తొడుగు దిగింది.

మళ్లీ అదే హాయి. సభంతా తన వైపు ప్రేమగా చూస్తోందనిపించింది. పాలు పెట్టింది, టీపొడి వేసింది, చక్కెర వేసింది. ఇంటికి దారి అడిగారు, చెప్పింది, మరొకసారి అడిగారు, మరొకసారి ఓపిగ్గా చెప్పింది. నల్లకోటు మనిషి ఒకడు దగ్గరకొచ్చి ఏదో సలహా ఇవ్వబోతే, నాకు తెలుసు నాయనా అని నవ్వి పంపించింది. టీ అందరికీ వచ్చింది. ఇంత బాగా ఎప్పుడూ సాక్ష్యం ఇవ్వలేదనుకుంటూ తొడుగు తీసి, అలవాటు కొద్దీ కళ్లు మూసుకుంది. ఎవరూ తట్టరని గుర్తొచ్చి తెరిచింది.

ముందుగా కనిపించింది మనుషుల తలలు. అందరూ దించుకుని ఉన్నారు. డేవిడ్‌రాజు కోటు మీద టీపొడి, చక్కెర కలిసి అంటుకున్నాయి, అతని కళ్లద్దాలు నేల మీద రెండు ముక్కలై ఉన్నాయి. పాల ప్యాకెట్టు తెరవనే లేదు. పొయ్యి మీద ఖాళీ గిన్నె మాడుతోంది. తన జుట్టు విడిపోయి ముఖం మీద పడింది, గొంతు అరిచి అరిచి బొంగురుపోయింది. చీర ముందంతా తడిసి ఉంది. ఆ తడి పాలది కాదు. హైమ ఒళ్లంతా మంటెక్కింది. లేచి పరిగెత్తి ఆ మూసిన గదిలో దాక్కోవాలనిపించింది. చేతులతో కుర్చీ పట్టుకుని అక్కడే కూర్చుంది.

ఆమె నోరు తెరవకముందే, నరాల్లో మిగిలిన జాడను చూసి తూనిక వెలిగింది. 'లోపం లేదు. పనికి అర్హుడు.'

రేవు వకీలు కూడా తన వైపు వచ్చిన ఆ తీర్పును అందుకోవడానికి లేవలేదు, బూట్ల వైపు చూస్తూ ఉండిపోయాడు. వసుంధరాదేవి గోడ మీది అక్షరాలను చూసింది, కింద నేలను చూసింది, మళ్లీ అక్షరాలను చూసింది. ఇన్నేళ్లుగా ఆ వెలుగు కింద తాను పెట్టిన సంతకాలన్నీ ఆవిడకు గుర్తొస్తున్నాయని ముఖం చూస్తేనే తెలుస్తోంది. తూనికను ఆర్పేయమని బంట్రోతుకు చెప్పింది. అతనికి ఎలా ఆర్పాలో తెలియలేదు. ఆ అవసరం ఎప్పుడూ రాలేదు.

చిన్నంనాయుడు లేచి నిలబడ్డాడు. ముఖంలో చిరునవ్వు లేదు. హైమ దగ్గరకు నడిచి వచ్చాడు, తడిసిన చీరను, కందిన ముఖాన్ని చాలాసేపు చూశాడు. తన తువ్వాలు తీసి ఆమె ఒళ్లో వేశాడు. తర్వాత భార్య వైపు తిరిగాడు.

"ఏటే ఎర్నా, నాను ఇంటికాడ ఇలగేనేటే ఉంట?"

ఎర్నమ్మ చుట్టూ చూసింది. ఇంతమందిలో ఆ మాట చెప్పాల్సి వస్తుందని ఆమె కలలో కూడా అనుకోలేదు. కొంగుతో ముఖం కప్పుకోబోయి, చెయ్యి ఆపేసింది.

"ఇలగే ఉంటావు," అంది. "రోజూ ఇలగే."