వెనక గది క్యాసెట్లలో ఆవిడ

ఆ కొట్టు వెనక గదికి మంచి పేరు లేదు.

పాత వీడియో క్యాసెట్లను కంప్యూటర్లోకి ఎక్కించి ఇచ్చే కొట్టు అది. ముందు గదిలో ఎక్కించినవి శుభ్రంగా వచ్చేవి. వెనక గదిలో ఎక్కించినవాటిలో మాత్రం... ఒక మనిషి ఎక్కువ వచ్చేది.

నవ్వకండి. ఈ కథ నాకు చెప్పింది మా వదిన. ఆవిడ అబద్ధం ఆడదు. నిజం చెప్పడానికే ఆవిడకు ఓపిక ఉండదు, ఇక అబద్ధాలు అల్లడం ఎక్కడ!

ఎవరిదో పెళ్లి. పెళ్లికూతురు నవ్వుతూ ఉంటుంది. బొమ్మ ఒక్కసారి వణుకుతుంది... అంతే. కన్ను మూసి తెరిచేలోగా ఒకావిడ కనిపించి మాయమవుతుంది. నడుము దాకానే కనిపిస్తుంది. ఆ కిందంతా నల్లటి చారలు. నోరు సగం తెరిచి ఉంటుంది. చూపు కిందికి. కుడిచెయ్యి చాపి, అరచెయ్యి బోర్లించి... ఎవరినో నీళ్లలో ముంచి అదిమి పట్టుకున్నట్టు.

పెళ్లివాళ్లు వచ్చి గొడవ చేశారు. ఆవిడ మా చుట్టం కాదన్నారు. ఆ తర్వాత ఇంకెవరి పుట్టినరోజులోనో అదే ఆవిడ, అదే చెయ్యి. అక్కడ పనిచేసిన టెక్నీషియన్లు ఒకరి తర్వాత ఒకరు మానేశారు. నోట్లో నువ్వుగింజ నానని మనుషులు వీధిలో ఉండనే ఉంటారు కదా, వారం తిరక్కుండానే ఆ గదిలో ఎవరో చచ్చిపోయారని ఒకరు, చంపేశారని ఒకరు.

వదిన ఆ కొట్టులో చేరింది అప్పుడే. యజమానిని అందరూ పెద్దాయన అంటారు. వయసును బట్టి కాదు, పొట్టను బట్టి. ఆయన మొదటి రోజే ఒక మాట చెప్పాడు.

“చూడమ్మాయ్... వెనక గదిలో ప్లేయర్‌కీ కంప్యూటర్‌కీ మధ్య ఒక నల్ల డబ్బా ఉంది. దాన్ని ఆర్పొద్దు. దాని వైర్లు పీకొద్దు.”

“ఎందుకు సార్?”

“ఆర్పితే రంగులన్నీ పోతాయి. మళ్లీ సరిచేసేవాడు లేడు.”

పాత టేపు బొమ్మ కుదురుగా ఉండదు, ఊగుతుంది. ఆ ఊగే బొమ్మను నిలబెట్టి కంప్యూటర్‌కు అందించడమే ఆ డబ్బా పని. దాని రంగులు కుదిర్చినవాడు ఎప్పుడో వెళ్లిపోయాడు. అందుకని కరెంటు పోయినా ఆరకుండా పెద్దాయన దానికి బ్యాటరీ కూడా తగిలించాడు. ఏళ్ల తరబడి అది వెలుగుతూనే ఉంది. ఆ డబ్బాకు చేస్తున్న సేవ ఆయన ఇంట్లోవాళ్లకు చేసి ఉంటే బాగుపడేవాళ్లని వదిన అంటుంది.

వానాకాలం మొదట్లో ఒక అమ్మాయి వచ్చింది. పాతికేళ్లలోపు. చేతిలో ఒకటే క్యాసెట్, దాని అంచున తెల్లగా బూజు.

“అక్కా, ఇందులో మా అమ్మ ఉంది,” అంది.

తల్లి పోయేనాటికి ఈ పిల్ల మరీ పసిది. తర్వాత వైర్లు అంటుకుని ఇల్లు కాలింది, ఫొటోలన్నీ బూడిదయ్యాయి. ఈమధ్య తండ్రీ పోయాడు. ఆయన ఆఫీసు బీరువా ఖాళీ చేస్తుంటే ఇది దొరికింది.

“అమ్మ చెయ్యి కొంచెం గుర్తుందక్కా. ముఖం... ఎంత తలుచుకున్నా రాదు.”

 

టేపు తీసి చూస్తే మధ్యలో ఒకచోట నలిగి ఉంది. బొమ్మను మోసే పూత రాలుతోంది. మహా అయితే రెండు మూడుసార్లు ఆడుతుంది, ఆ తర్వాత ఉత్త ప్లాస్టిక్ రిబ్బనే. అలాంటి టేపును ముందు గది మిషన్ పట్టుకోలేదు. నల్ల డబ్బా ఉన్న గదిలోనే ఎక్కించాలి. వేరే దారి లేదు.

బూజు తుడిచి ఆరబెట్టేసరికి చీకటి పడింది. పెద్దాయన షట్టర్ సగం దించి వెళ్లిపోయాడు. అమ్మాయి మాత్రం కదల్లేదు. “ముందు గదిలోనే కూర్చుంటానక్కా,” అంది.

వదిన వెనక గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసింది. బయట వాన. లోపల ఫ్యాన్ చప్పుడు, డబ్బా మీద చిన్న ఎర్ర దీపం...

టేపు కదిలింది.

నీలం రంగు తలుపు. తలుపుకు ఆనుకుని ఒక చిన్నపిల్ల. ఆ పిల్ల ముందు ఒకావిడ, వీపు ఇటు తిప్పి, సుద్దముక్కతో తలుపు మీద ఏదో గీస్తోంది. బొమ్మ ఊగుతోంది. మాట బొమ్మకంటే ముందు పరిగెడుతోంది. కంప్యూటర్ హార్డ్ డిస్క్ అందుకోలేక ఫ్రేములు జారవిడుస్తోందని వదినకు అర్థమైంది. టేపు ఆపింది. వేగంగా పనిచేసే ఇంకో డిస్క్ తగిలించింది, వెనకాల నడుస్తున్న ప్రోగ్రాములన్నీ మూసింది. మళ్లీ నడిపింది. ఈసారి మాటా బొమ్మా కలిశాయి. ప్రాణం కుదుటపడింది.

కెమెరా వెనక నుంచి మగ గొంతు — “ఇటు చూడు.”

ఆవిడ తల తిప్పుతోంది... చెంప కనిపించింది... బొమ్మ వణికింది.

తెర మీద ఆవిడ!

పెళ్లిలో వచ్చిన ఆవిడ. అదే సగం తెరిచిన నోరు, అదే బోర్లించిన అరచెయ్యి. ఈసారి మాయం కాలేదు. అలాగే నిలబడి ఉంది. స్పీకర్లోంచి బుస్సుమనే శబ్దం, ఆ శబ్దంలోంచి గుసగుసగా...

“కదలకు...”

వదిన కుర్చీ వెనక్కి తోసి లేచింది.

“కదలకు...”

తెగించి టేపు ఆపింది. భయం ఒక పక్క, ఏడుపు ఒక పక్క. ఆ పిల్ల ఏ ముఖం కోసం వచ్చిందో సరిగ్గా ఆ ముఖం రావలసిన చోటే ఇది వచ్చి కూర్చుంది. ఇప్పుడు బయటికి వెళ్లి ఏమని చెప్పాలి? మీ అమ్మను దెయ్యం మింగేసిందనా?

మామూలు మనిషైతే షట్టర్ కింద నుంచి దూరి పారిపోయేది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. మా వదినకు భయం వేస్తే కోపం వస్తుంది.

“ఎక్కడున్నావే నువ్వు?” అని పళ్లు కొరుక్కుంటూ కంప్యూటర్ వైపు వైరు మార్చింది. ఉంది. బొమ్మను అందుకునే కార్డును కంప్యూటర్‌లో వేరే చోట గుచ్చింది, సాఫ్ట్‌వేర్ మూసి తెరిచింది. ఉంది. చివరికి పెద్దాయన వద్దన్న పనే చేసింది. ప్లేయర్ నుంచి డబ్బాలోకి వెళ్లే వైరును పట్టుకుని ఒక్క గుంజు గుంజింది.

ఇక టేపు లేదు. ప్లేయర్ లేదు. తెర నల్లగా అయిపోవాలి.

అయిపోలేదు. ఆవిడ ఇంకా కిందికి చూస్తూనే ఉంది.

వదిన వెనక్కి అడుగేసింది. గోడకు ఆనుకుని అలాగే ఉండిపోయింది. చాలాసేపటికి... మెల్లగా, భయం వెనక నుంచి బుద్ధి పనిచేయడం మొదలుపెట్టింది. టేపు లేకపోయినా ఉందంటే, ఆవిడ టేపులో లేదు. కంప్యూటర్ వైపు అన్నీ మార్చి చూసింది, అక్కడా లేదు. అంటే ఆవిడ ఉన్నది డబ్బాలో.

ఆ డబ్బాకు ఒక బటన్ ఉంది. నొక్కితే ఆ క్షణంలో తెర మీద ఉన్న బొమ్మను పట్టి దాచుకుంటుంది. టేపు మరీ పాడైనచోట, నల్ల తెరకు బదులు ఆ దాచిన బొమ్మను చూపిస్తుంది. ఎప్పుడో ఎవరో టెక్నీషియన్ నొక్కాడు, నొక్కి మరిచిపోయాడు. డబ్బాను ఆర్పితే దాచింది చెరిగిపోయేది. ఆర్పనిచ్చింది ఎవరు? పెద్దాయన బ్యాటరీ పెట్టి మరీ దెయ్యాన్ని పోషించాడు.

వదినకు నవ్వొచ్చింది. ఏడుపూ వచ్చింది. దెయ్యం లేదు సరే, ఆ పిల్ల తల్లి ముఖం మాత్రం రాలేదు. టేపు నలిగిన చోటే ఆవిడ తల తిప్పింది. అక్కడ పూతే లేదు. ఎన్నిసార్లు నడిపినా రాదు. కనీసం ఈ పాడు బొమ్మ అడ్డం లేకుండా, ఉన్నంతవరకు తీసిద్దామనుకుని డబ్బా స్విచ్ మీద వేలు పెట్టింది.

“ఆపకండి!”

తలుపు దగ్గర అమ్మాయి. మాటలు వినిపించాయని లేచి వచ్చింది. తెరనే చూస్తోంది.

“ఇది మీ టేపు కాదమ్మా,” అంది వదిన. “ఎవరిదో పాత బొమ్మ. మిషన్‌లో ఉండిపోయింది. ఇదిగో, తీసేస్తున్నా...”

“ఆ తలుపు మాదే.”

వదిన చూసింది. ఆవిడ వెనక, మసకలో, నీలం. తలుపు మీద అడ్డంగా తెల్లగీతలు. ఇన్నాళ్లూ అందరూ అవి టేపు చారలే అనుకున్నారు. సుద్దగీతలు.

“నాన్న ఎప్పుడో ఒకసారి దీన్ని ఏదో కొట్టుకు బాగుచేయించడానికి తీసుకెళ్లారు,” అంది అమ్మాయి. “మిషన్‌లో నలిగిపోయిందని వెనక్కి తెచ్చేశారు. మళ్లీ ఎవరికీ ఇవ్వలేదు, ఎక్కడ పెట్టారో నాకూ చెప్పలేదు...”

ఆ కొట్టు ఇదే. టేపు నలగబోయే ముందు క్షణంలో ఎవరో బటన్ నొక్కారు. ఆవిడ ముఖం అక్కడ ఆగిపోయింది. నోరు తెరిచింది అరవడానికి కాదు, నవ్వుతోంది. చూసేకొద్దీ నవ్వే కనిపిస్తోంది.

“మరి ఆ చెయ్యి...” అంది వదిన, ఆపుకోలేక.

అమ్మాయి తెర దగ్గరికి వెళ్లింది. ఆ అరచేతి కింద, బొమ్మ నల్లగా చారలుబడిన చోట, వేలితో మెల్లగా తాకింది.

“కింద నేనున్నానక్కా. నా పొడుగు కొలుస్తోంది. ‘కదలకు’ అన్నది నాతోనే.”

వదిన స్విచ్ మీది వేలు తీసేసింది. రికార్డింగ్ మొదలుపెట్టింది. అది పూర్తయ్యేదాకా ఆ పిల్ల అక్కడే, ఆ చెయ్యి కింద తలపెట్టి నిలబడింది. కదల్లేదు.