అడీనియం మీద బొగ్గు దుమ్ము

హర్షిణి, ఉపేందర్ మొదటిసారి మాట్లాడుకున్నప్పుడు ఆమె నిలువునా తడిసిపోయి ఉంది. అతను నీళ్ళ ట్యాంకర్ సీట్లో హాయిగా, పొడిగా కూర్చుని ఉన్నాడు.

"కండ్లు కనపడ్తలేవా?" అని అడిగింది ఆమె.

"కనపడ్డరు మేడం. అందుకే వాల్వు కట్టేసుడు మరిచిపోయిన," అన్నాడు అతను.

తప్పు పూర్తిగా అతనిది కూడా కాదు. ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో కొండంత రాయి తవ్విపోసిన కంపెనీ, అందులోంచి కాసిని ఏరి ఆఫీసు ముందు పేర్చి, దానికి రాక్ గార్డెన్ అని పేరు పెట్టింది. రాళ్ళ మధ్య అడీనియం మొక్కలు నాటించింది. ఏళ్ళ తరబడి బతికి గులాబీరంగులో పూసే మొక్కలవి. ఒక్క మొగ్గ రాకముందే 'పూలు కోయరాదు' అని బోర్డు వెలిసింది. వాటిని చూసుకోవడానికి హార్టికల్చర్ చదివిన పెద్దపల్లి అమ్మాయి హర్షిణిని కాంట్రాక్టు మీద తీసుకున్నారు. తీరా చూస్తే పూలు రాలేదు, ఆకులు నల్లబడ్డాయి.

నలుపు కనిపిస్తే గోదావరిఖనిలో ఎవరూ ఇంకేమీ ఆలోచించరు. చొక్కా నల్లబడినా బొగ్గే, ఆరేసిన వడియాలు నల్లబడినా బొగ్గే. జీఎం సారు వెంటనే దుమ్ము కమిటీ వేశారు. రఘుపతి సారు అధ్యక్షతన అధికారులంతా జీడిపప్పు తింటూ, కిటికీలోంచైనా తోటవైపు చూడకుండా, అది బొగ్గు దుమ్మేనని తేల్చారు. గని రోడ్ల మీద నీళ్ళు చల్లే ట్యాంకరు రోజూ రెండు పూటలా తోట మీద కూడా చల్లాలని తీర్మానించారు. ఆ ట్యాంకర్ డ్రైవరే ఉపేందర్.

తీర్మానం అతనికి తెగ నచ్చింది. హర్షిణిని చూసే భాగ్యం రోజుకు రెండుసార్లు, అదీ డ్యూటీ కిందే. వారం తిరక్కుండా తన సొంత పూచీ మీద మూడో ట్రిప్పు కూడా మొదలుపెట్టాడు. దుమ్ములో తిరిగే పనికి ఇస్త్రీ చొక్కా ఎందుకని తల్లి సారక్క అడిగితే, ఆఫీసు డ్యూటీ అని చెప్పాడు. ఆమె కొడుకు మొహం చూసి, రెండో చొక్కా కూడా ఇస్త్రీకి తీసింది.

నెల తిరిగేసరికి అడీనియం కాండాలు మెత్తబడ్డాయి. ఆ సాయంత్రం హర్షిణి ట్యాంకరుకు అడ్డంగా నిలబడి నీళ్ళు ఆపమంది.

"ఇది బొగ్గు దుమ్మే మేడం. మా తాత, మా నాయిన, నేను, అందరం దీన్ల పెరిగినోళ్ళమే," అన్నాడు ఉపేందర్ కిందికి దిగి.

ఆమె అతని వేలు పట్టుకుని ఒక నల్లటి ఆకు మీద రుద్దింది. వేలికి జిగురు అంటింది. ఆమె వేలు వదిలేసిన తర్వాత కూడా అతను చెయ్యి అలాగే చాపి ఉంచాడు.

"బొగ్గు ఎన్నడన్న గిట్ల జిగురుగున్నదా?"

ఆకు తిప్పి చూపించింది. అడుగున తెల్లగా పిండి చల్లినట్టు చుక్కలు. పిండినల్లి అనే పురుగు. అది మొక్క రసం పీల్చి జిగురు కారుస్తుందని, ఆ జిగురు మీద మసిలాంటి బూజు పెరుగుతుందని, జిగురుకు ఆశపడి చీమలు ఆ పురుగుల్ని కాపాడుతూ పక్క మొక్కలకూ చేరుస్తాయని చెప్పింది.

"పురుగును నేను సంపుత. కానీ గిన్ని నీళ్ళు పోస్తే వేర్లు కుళ్ళి మొక్కలే పోతయి. తోట చూసెతందుకు కంపెనీ డైరెక్టర్ వస్తడట. అప్పటికి పూలు లేకుంటె నన్ను పొమ్మంటరట."

ఉపేందర్ లెక్క వేసుకున్నాడు. నీళ్ళు ఆపకపోతే ఆమె పోతుంది. ఆపితే ఆమె దగ్గరికి రావడానికి తనకు సాకే ఉండదు.

కమిటీ తీర్మానాన్ని కమిటీయే రద్దు చెయ్యాలి. కమిటీ మళ్ళీ కూర్చునేది డైరెక్టర్ వచ్చి వెళ్ళాకే. అందుకని మర్నాడు ఉపేందర్ తోట మీద చల్లే పంపు ఖరాబైందని వర్క్‌షాపు రిజిస్టరులో రాయించాడు. ఖరాబైందంటే కంపెనీలో ఎవరూ అనుమానించరు, బాగైందంటేనే వచ్చి చూస్తారు.

హర్షిణి పనిలో దిగింది. స్పిరిట్‌లో ముంచిన దూదితో పిండినల్లిని తుడిచింది. కుళ్ళిన వేర్లు కోసి, మొక్కల్ని నీడలో ఆరబెట్టి మళ్ళీ నాటింది. ఎండ తగ్గాక వేపనూనె, సబ్బునీళ్ళు కలిపి ఆకుల అడుగున కొట్టింది. చీమలు ఎక్కకుండా రాళ్ళ చుట్టూ గ్రీజు పూసింది. ఆ గ్రీజు డబ్బా వర్క్‌షాపు నుంచి ఉపేందర్ పంపాడు. లోకంలో ప్రేమించినవాళ్ళు గులాబీలు పంపుతారు. అతనికి దొరికింది అదే.

డైరెక్టర్ వచ్చేనాటికి రాళ్ళ మధ్య పూలు విరగబూశాయి. రహస్యమేమిటని ఆయన అడిగితే రఘుపతి సారు ముందుకొచ్చి, అంతా నీళ్ళ మహిమ అన్నారు. జీఎం సారు పొంగిపోయి, ఇకమీదట ట్యాంకరు రోజంతా ఇక్కడే ఉంటుందని ప్రకటించారు.

రోజంతా ఇక్కడే. ఉపేందర్ మొక్కని దేవుడు లేడు ఆ వరం కోసం. వరసలో నిలబడి హర్షిణి వైపు చూశాడు. ఆమె మొహంలో నెత్తురుచుక్క లేదు.

"నేను నీళ్ళు పొయ్య సార్," అన్నాడు ముందుకొచ్చి. "పంపు మంచిగనే ఉన్నది, నేనే అబద్ధం రాయించిన. చుక్క నీళ్ళు పొయ్యకుంటెనే పూసినయి. అది బొగ్గు కాదు, పురుగు. మేడం తీసేసింది."

డైరెక్టర్ ఒక ఆకు తిప్పి చూసి, హర్షిణిని వివరాలు అడిగి, ఆమె కాంట్రాక్టు పొడిగించమన్నారు. అబద్ధానికి ఉపేందర్‌కు మెమో వచ్చింది, గని రోడ్లకు మళ్ళీ బదిలీ అయింది. దుమ్ము కమిటీ రద్దయి, అదే అధికారులతో, అదే జీడిపప్పుతో పురుగుల కమిటీ ఏర్పడింది.

సాయంత్రం గేటు దగ్గర హర్షిణి అతన్ని ఆపి, మెమో సంగతి తలుచుకుని బాధపడింది.

"మెమోకు ఫికర్ లేదు," అన్నాడు ఉపేందర్. "మీ మొక్కలు కుళ్ళింది నా వల్లనే. కమిటీ రెండుసార్లన్నది, నేను మూడుసార్లు పోసిన. మిమ్మల్ని చూసెతందుకు. మీరంటె నాకు పానం."

"మూడో ట్రిప్పు ఎందుకొస్తున్నదో నాకు తెల్వదనుకున్నరా?" అంది హర్షిణి తల వంచుకుని. "ఆదివారం మా నాయిన ఇంట్ల ఉంటడు. ఒకసారి పెద్దపల్లికి రాండ్రి."

ఆదివారమంటే గనిలో ప్లేడే, సెలవు రోజు. ఆ రోజు డ్యూటీ చేస్తే రెట్టింపు జీతం. జ్వరంతోనైనా వస్తారు గానీ గనిలో ఎవరూ ప్లేడే వదులుకోరు. ఉపేందర్ తిన్నగా డ్యూటీలు వేసే రాజం దగ్గరికి పోయి ఆదివారం తన పేరు తీసెయ్యమన్నాడు.

రాజం కళ్ళద్దాలు తీసి అతన్ని ఎగాదిగా చూశాడు.

"ఎవలన్న సచ్చిపోయిండ్రా?"

"లేదు కాకా."

"అయితె పిల్లెవలు?" అంటూ రాజం అతని పేరు కొట్టేశాడు.