డక్టులో దగ్గు

కూర్చోమని కుర్చీ చూపించినా ఈశ్వరి కూర్చోలేదు. చేతిసంచిలోంచి నాలుగు మడతల జిరాక్స్ కాగితాలు రెండు తీసి బల్ల మీద పరిచింది. రెండోదాని అడుగున ఉన్న సంతకం మీద వేలు పెట్టింది.

"ఇది మా ఆయన సంతకమేనమ్మా. ఎవులడిగినా అదే సెప్తాను. కానీ ఆయన పోయి పదకొండు నెలలయ్యింది. మొదటి కాగితం మీద తేదీ మొన్న ఆగస్టుది."

డిటెక్టివ్ అరుణశ్రీ కాగితాల్ని తనవైపు తిప్పుకుంది. విజయనగరం కోటకి రెండు వీధుల అవతల, జిరాక్స్ షాపు మేడ మీద ఆమె ఆఫీసు. పక్కనే అసిస్టెంటు గంగులు నిలబడ్డాడు. ముప్ఫై ఏళ్లు ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. వేల మంది ప్రయాణికుల్ని చూశాను గానీ మా అరుణశ్రీ అమ్మలాంటి చూపు ఎవరికీ లేదని ఊరంతా చెబుతుంటాడు.

"మొదటినుంచి చెప్పండి ఈశ్వరిగారూ," అంది అరుణశ్రీ.

ఈశ్వరి ఉండేది మూడంతస్తుల పాత మేడలో. అంతస్తుకొక వాటా. కింద తిరుమలరావు, మధ్యలో ఈశ్వరీ ఆమె అత్త జగ్గమ్మా, పైన టైల్స్ షాపు గిరిబాబు. జగ్గమ్మ మోకాళ్లు వంగడం లేదు. అందుకని బాత్‌రూంలో కమోడ్ పెట్టించి, గోడ కాస్త జరుపుదామని అనుకుంది ఈశ్వరి. పర్మిషన్ కావాలేమో కనుక్కోవడానికి ప్లానింగ్ ఆఫీసుకి వెళ్లింది.

"కమోడూ టైల్సూ మార్చుకుంటే పర్మిషన్ అక్కర్లేదన్నారు. గోడ కదిపినా, బాత్‌రూంల వెనక గాలికి వదిలిన డక్టు ముట్టుకున్నా మాత్రం ప్లాను పెట్టాల, మిగతా వాటాలోళ్లు ఒప్పుకున్నట్టు సంతకాలు కావాలన్నారు. మీ మేడకి ఇప్పటికే ఒక ఫైలుంది, పైవాటా గిరిబాబుది, అందులో మీ ఆయన సంతకం పెట్టారు కదా అన్నారు."

ఆమె గొంతు తగ్గించింది.

"సంతకమొక్కటే అయితే దొంగ కాగితమనుకుందును. ఆయన వస్తన్నారమ్మా. రోజూ తెల్లారగట్ల అయిదింటికి బాత్‌రూంలో దగ్గుతారు. రెండు పొట్టి దగ్గులు, ఒక పొడుగు దగ్గు. జూట్ మిల్లులో ఇరవై రెండేళ్లు సేసిన మనిషి, ఆ దగ్గు నేను మర్సిపోతానా? లోపలికెళ్తే ఎవులూ ఉండరు. తల తిరుగుతాది. ఎనక ఎవులో నిలబడినట్టుంటాది. మొన్న లచ్చివారం అక్కడే పడిపోయాను."

"మీ అత్తగారికీ వినిపిస్తుందా?"

"ఆవిడ తలుపు దగ్గర పీటేసుకుని కూకుంటాది. నా కొడుకొచ్చాడే, లైటెయ్యకు అంటాది. కమోడ్ వద్దు, గోడ ముట్టుకోవద్దని ఏడుస్తాది."

"లైటు ఎందుకు? వెంటిలేటర్ లేదా?"

"డక్టులోకి ఉన్నాది. ఇదివరకు పగలు లైటే అక్కర్లేదు. దసరా ముందు నుంచి మిట్టమధ్యాన్నం కూడా సీకటే. ఆయనొచ్చాక ఎలుగు పోయిందనుకున్నాం."

అరుణశ్రీ పెన్ను కింద పెట్టింది. "మీరు పనికి వెళ్తారా?"

"బట్టల షాపులో సేస్తన్నాను."

"షాపులో ఉన్నప్పుడు తల తిరుగుతుందా?"

ఈశ్వరి ఆలోచించింది. "లేదమ్మా. రోడ్డెక్కితే తగ్గిపోతాది."

ఆ మధ్యాహ్నమే అరుణశ్రీ, గంగులు ప్లానింగ్ ఆఫీసుకి వెళ్లి ఈశ్వరి అర్జీ మీద అసలు ఫైలు చూశారు. గిరిబాబు తన బాత్‌రూంలోకి డక్టు నుంచి రెండడుగులు కలుపుకుంటానని, మిగతా మూడడుగులూ తెరిచే ఉంచుతానని ప్లాను పెట్టాడు. ఒప్పుకోలు పత్రం రెండు పేజీలు. మొదటి పేజీలో విషయం, తేదీ. రెండో పేజీలో "పై విషయానికి మేమంతా సమ్మతిస్తున్నాము" అన్న ఒక్క వాక్యం, కింద ముగ్గురి సంతకాలు.

"గంగులుగారూ, స్టాప్లర్ పిన్ను దగ్గర చూడండి. ఎన్ని చిల్లులున్నాయి?"

గంగులు కళ్లజోడు సవరించుకున్నాడు. "మొదటి కాయితానికి రెండమ్మా. రెండోదానికి నాలుగున్నాయి. ఏటిది?"

అరుణశ్రీ గుమాస్తాని ఒకటే అడిగింది, మధ్యవాటా ఇంటిపన్ను ఎవరి పేర ఉందని. ఇంకా ఈశ్వరి భర్త ధర్మేంద్ర పేరనే ఉందన్నాడు అతను. పేరు మార్పించుకోవడానికి ఈశ్వరి ఇంకా రాలేదట.

మర్నాడు అయిదు కాకముందే ఇద్దరూ ఈశ్వరి ఇంటికి చేరుకున్నారు. జగ్గమ్మ అప్పటికే బాత్‌రూం తలుపు ఎదుట పీట మీద కూర్చుని ఉంది. నెరిసిన జుట్టు విరబోసుకుని, చీకట్లోకి చూస్తోంది.

"సెప్పులిప్పి రండి," అంది మెల్లగా. "సప్పుడు సేత్తే ఎళ్లిపోతాడు."

అరుణశ్రీ లోపలికి వెళ్లి ఒక అగరబత్తి వెలిగించి వెంటిలేటర్ అంచున నిలబెట్టింది. పొగ నిటారుగా లేచింది. టార్చి డక్టులో పైకి వేసి చూసింది. ఆకాశం, చుక్కలు కనిపించాల్సిన చోట వెలుతురు దేనికో తగిలి ఆగిపోయింది. టార్చి ఆర్పేసింది. నలుగురూ ఎదురుచూశారు.

ఎక్కడో నీళ్లు పారిన చప్పుడు. కాసేపటికి అగరబత్తి పొగ కదిలింది. బయట ఎవరో నోరు పెట్టి ఊదినట్టు, వంగి గదిలోకి రావడం మొదలుపెట్టింది. గంగులు రెండడుగులు వెనక్కి వేశాడు.

అప్పుడు వినిపించింది. రెండు పొట్టి దగ్గులు, ఒక పొడుగు దగ్గు. గోడల్లోంచి వచ్చినట్టుంది, మనిషి గొంతుకన్నా లోతుగా ఉంది. జగ్గమ్మ చేతులు జోడించింది. "వచ్చాడు," అంది.

మళ్లీ రెండు పొట్టి దగ్గులు. మూడోది సగంలో తెగిపోయింది. అడుగున ఏదో బరువైనది పడిన చప్పుడు. బకెట్టు దొర్లింది. ఆ తర్వాత నీళ్ల శబ్దం ఒక్కటే.

"గంగులుగారూ, కిందకి! త్వరగా!"

అరుణశ్రీ మెట్లు దూకినట్టే దిగింది. తిరుమలరావు ఇంటి తలుపు గడియ గంగులు భుజం దెబ్బకి ఊడింది. బాత్‌రూం తలుపు రెండో తాపుకి విరిగింది. తిరుమలరావు తడినేల మీద బోర్లా పడి ఉన్నాడు. వెంటిలేటర్ పక్కన గ్యాస్ గీజర్ నీలిమంటతో మండుతోంది. అరుణశ్రీ ఊపిరి బిగపట్టి దాన్ని ఆర్పేసింది. ఇద్దరూ కలిసి అతన్ని వీధిలోకి ఈడ్చుకొచ్చారు. చల్లగాలి తగిలాక అతని ఛాతీ కదిలింది. ఈశ్వరి 108కి ఫోన్ చేస్తోంది. జగ్గమ్మ మాత్రం ఇంకా పైనే, పీట మీదే ఉండిపోయింది.

తిరుమలరావు ఆసుపత్రి నుంచి తిరిగొచ్చిన సాయంత్రం, అరుణశ్రీ అందరినీ ఈశ్వరి హాల్లో కూర్చోబెట్టింది. గిరిబాబు తలుపు పక్కన నిలబడి మాటిమాటికీ ఫోన్ చూసుకుంటున్నాడు. వీధిలో ఒక ఎస్సై స్కూటర్ దిగుతున్నాడు.

"ఈ ఇంట్లో దెయ్యం లేదు," అంది అరుణశ్రీ. "విషవాయువు ఉంది. రంగూ వాసనా ఉండవు. గీజర్ మండితే వచ్చే ఆ వాయువు డక్టులోకి పోయి, పైనుంచి ఆకాశంలో కలిసిపోయేది. దసరా ముందు డక్టు మూసుకుపోయింది. అప్పటినుంచి అది ఈశ్వరిగారి వెంటిలేటర్లోకి వస్తోంది. తల తిరగడం, ఎవరో ఉన్నట్టు అనిపించడం, పడిపోవడం, అన్నీ దానివల్లే. రోడ్డెక్కితే తగ్గిపోయేది కూడా అందుకే. నిన్న గిరిబాబుగారు షాపులో ఉండగా వాళ్ల ఇంట్లోవాళ్లని అడిగి బాత్‌రూం చూశాను. రెండడుగులన్న ప్లాను అయిదడుగులైంది. డక్టు మొత్తానికీ స్లాబు వేసి, దాని మీద స్నానాల టబ్బు పెట్టారు."

"మరి ఆ దగ్గు?" అంది ఈశ్వరి.

"తిరుమలరావుగారిది. మీ ఆయనా ఈయనా ఒకే మిల్లులో చేశారు, ఒకే దుమ్ము పీల్చారు. ఇదివరకు పైకి పోయే చప్పుడు మూసిన డక్టులో మోగి, గొంతు మారిపోయి, దగ్గు మాత్రం మిగిలింది."

గిరిబాబు ముందుకొచ్చాడు. "ఆగండి మేడమ్. నాకు పర్మిషనుంది. వీళ్లంతా ఒప్పుకుని సంతకాలు పెట్టినోళ్లే."

"తిరుమలరావుగారూ, మీరు డక్టు విషయంలో ఎప్పుడైనా సంతకం పెట్టారా?"

"రెండేళ్ల కిందట, అమ్మా. డక్టులో పైపు కారితే, మారుద్దామని ముగ్గురం పెట్టాం. ధర్మేంద్ర నా పెన్నుతోనే పెట్టాడు. కాయితం గిరిబాబు దగ్గరే ఉండిపోయింది."

"అదే కాగితం. రెండో పేజీలో పైపు అన్న మాటే లేదు, 'పై విషయానికి' అని మాత్రమే ఉంది. గిరిబాబు పిన్ను ఊడదీసి, మొదటి పేజీ పారేసి, కొత్తది పెట్టి మళ్లీ పిన్ను కొట్టాడు. అందుకే కొత్త పేజీకి రెండు చిల్లులు, పాతదానికి నాలుగు. ప్లాను ఈ ఏడాదిది కాబట్టి తేదీ ఆగస్టు వెయ్యక తప్పలేదు. పన్ను రికార్డులో పేరు మారలేదని అతనికి తెలుసు. పేర్లు సరిపోయాయి, ఫైలు కదిలింది."

గంగులు నెమ్మదిగా తలూపాడు. ఆ నాలుగు చిల్లులూ లెక్కపెట్టింది తనే. అయినా అందులో మోసం కనిపించలేదు.

గిరిబాబు నుదురు తుడుచుకున్నాడు. "టబ్బు పట్టలేదని సేసాను గానీ... గాలి ఆగితే మనుసులు సస్తారని నాకేటి తెలుసు మేడమ్?"

"ఈశ్వరిని అడిగి ఉంటే తెలిసేది. గాలి ఎటు పోతుందని ఆమె మొదటి మాటే అడిగేది. అది అడక్కూడదనే చచ్చిపోయినవాడి దగ్గరికి వెళ్లావు."

గుమ్మంలో ఎస్సై నిలబడ్డాడు. గిరిబాబు అతని వెంట మెట్లు దిగాడు. ఫైలు రద్దు చేసి స్లాబు కొట్టించేస్తామని ప్లానింగ్ ఆఫీసువాళ్లు ఉదయమే చెప్పారు.

జగ్గమ్మ అందరి మొహాలూ ఒక్కొక్కటిగా చూసింది.

"అయితే నా కొడుకు రాలేదన్నమాట," అంది.

ఈశ్వరి ఆమె చేయి పట్టుకోబోయింది. అప్పుడే తిరుమలరావుకి దగ్గు వచ్చింది. ఆపుకుందామని నోటికి కండువా అడ్డం పెట్టుకున్నాడు, ఆగలేదు. రెండు పొట్టివి, ఒక పొడుగుది. ఈశ్వరి కళ్లు మూసుకుంది. గంగులు తల దించుకున్నాడు.

జగ్గమ్మ గోడ పట్టుకుని లేచింది. ఒక్కో అడుగే వేసుకుంటూ తిరుమలరావు ముందుకొచ్చి, అతని వైపు చాలాసేపు చూసింది.

"ఒరే తిరుమలా, ఆడికి దగ్గుమందు తాగరా అంటే తాగీవోడు కాదు. నువ్వేనా తాగుతన్నావా?"

అతను లేదన్నట్టు తల ఆడించాడు.

"రేపు పొద్దున్నే ఆటో పిలు. పెద్దాసుపత్రికి నేనూ వస్తాను," అంది జగ్గమ్మ. "నా మోకాళ్లు కూడా సూపించుకోవాల."