మూడు ఊళ్ల తాళాలు

కూర్మమ్మ మేడమెట్లు ఎక్కి వచ్చింది గానీ గుమ్మం దాటలేకపోయింది. అక్కడే కూలబడి, కొంగుతో మొహం తుడుచుకుని, బల్ల వెనక కూర్చున్న మనిషికి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది.

"మీరేనా బాబూ, పోయినయి ఎతికీ మేష్టారు?"

జగన్నాధం పద్దెనిమిదేళ్లు హైస్కూల్లో సైన్సు పాఠాలు చెప్పి, హెడ్మాస్టరుతో తగాదా పడి, ఉద్యోగం ఆయన మొహానే కొట్టి వచ్చేసిన మనిషి. ఇప్పుడు విజయనగరంలో ఒక బట్టల కొట్టు మేడ మీద ప్రైవేటు డిటెక్టివు బోర్డు కట్టుకుని కూర్చున్నారు. పక్కన టైపు మిషను ముందు తాయారు. కాగితాలు రాసేదీ, తోడు వెళ్లేదీ, ఆయన తెలివికి రోజుకి నాలుగుసార్లు నోరు తెరిచేదీ ఆవిడే.

తాయారు మంచినీళ్లు ఇచ్చింది. కూర్మమ్మ గటగటా తాగేసి, ఒక్క గుక్కలో చెప్పుకొచ్చింది.

"నా మొగుణ్ని గదిలో ఏసి తాళమెట్టినారు బాబూ. గురువారం మీటింగెట్టి పోలీసోళ్లకి అప్పసెప్పేత్తారట. ఆడే గొట్టం దొంగిలించినాడట. ఆడి వల్లే ఊరు కాలిపోనాదట, ముసల్ది సచ్చిపోనాదట. దారంట ఎల్తుంటే నా మీద ఉమ్మేత్తన్నారు. ఆడు జైలుకెల్తే నేను ఏ నుయ్యో సూసుకోవాల."

"నుయ్యి సంగతి తరవాత. ముందు ఏ గొట్టమో చెప్పు," అని కసిరారు జగన్నాధం. ఆయన కసిరితే పని ఒప్పుకున్నట్టే లెక్క. తాయారు కాగితం తీసింది.

భావనపాడు వైపు సముద్రపు గట్టున మూడు ఊళ్లున్నాయి. తంపరవలస, కొర్లపాడు రైతుల ఊళ్లు. దిబ్బపేట సముద్రం మీద బతికే ఊరు. ఏటా వేసవిలో ఏదో ఒక ఊళ్లో పాకలు తగలబడుతూనే ఉంటాయి. ఒక్కో పంచాయితీకీ విడిగా మంటలార్పే పంపు ఇవ్వడం కుదరదు, మూడూ కలిస్తే ఒకటిస్తాం అన్నారు పంచాయితీ సమితివాళ్లు. కలిశారు. మధ్యలో ఉందని కొర్లపాడులో పెంకుటి కొట్టు కట్టారు. బండీ ఎడ్లూ తంపరవలసవి, పంపు కొట్టే మనుషులు దిబ్బపేటవాళ్లు. కాపలాకి కూర్మమ్మ మొగుడు లక్ష్ముడు. ఉగాదినాడు నీళ్లు కొట్టి చూసి, మళ్లీ తాళాలు వేసేశారు.

ఎనిమిది రోజుల కిందట మిట్టమధ్యాహ్నం దిబ్బపేట అంటుకుంది. కొట్టు తెరిచేసరికి పంపు ఉంది, గొట్టం లేదు. గొట్టం లేని పంపు ఉట్టి ఇనుము. ఇరవై రెండు ఇళ్లు బూడిదయ్యాయి. తాతమ్మ అనే లేవలేని ముసలిది మంచంలోనే కాలిపోయింది.

"కొట్టుకి మూడు తాళాలు బాబూ. మూడూళ్ల పెసిడెంట్ల దగ్గరా తలో తాళంచెవీ ఉంటాది. ముగ్గురూ వొస్తేనే తెరుసుకుంటాది. అందుకే పెంకులిప్పి దిగినాడని మా ఆడి మీద ఏసేసినారు."

మర్నాడు పొద్దెక్కకుండానే వాళ్లు కొర్లపాడు చేరారు. జగన్నాధం ముందు నిచ్చెన వేయించుకుని పైకెక్కి చూశారు. పెంకుల మీద కిందటేటి పాచి ఎండి, పెంకుకీ పెంకుకీ మధ్య అతుక్కుపోయి ఉంది. ఒక్కచోట కూడా విరగలేదు.

"ఇది కదిపిన కప్పు కాదు తాయారూ. రాసుకో."

తలుపు రెండు రింగుల్లోంచీ ఇనప గొలుసు దూర్చి ఉంది. గొలుసు ఒక చివరకి తంపరవలస తాళంకప్ప, దాని కొక్కేనికి కొర్లపాడు కప్ప, దాని కొక్కేనికి దిబ్బపేట కప్ప, అది గొలుసు రెండో చివరకి. మూడూ దండలాగా వరసగా వేలాడుతున్నాయి. జగన్నాధం వాటిని చేత్తో పట్టుకుని చాలాసేపు చూశారు.

"ఇలా తగిలించమన్న మహానుభావుడెవరు?"

కమ్మరి గంగులు తల గోక్కున్నాడు. "ఏటి సేస్తాం బాబూ! మొదట తలుపుకి మూడు గడియలెట్టినాను, పైనొకటి, మద్దెనొకటి, కిందొకటి. కిందది మాకొద్దంటే మాకొద్దని ముగ్గురు పెసిడెంట్లూ కొట్టుకు సచ్చినారు. నెల్లాళ్లు తగువు. ఆకరికి ఎవులిదీ పైనా లేదు కిందా లేదని నానే ఇలాగ గొలుసు కట్టినాను. అందరూ మెచ్చుకున్నారు."

తాయారు మూడో తాళాన్ని ముట్టుకుని వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకుంది. "అబ్బ! చేపనూనె మేష్టారూ. మిగతా రెండూ తుప్పు."

కొర్లపాడు ప్రెసిడెంటు గణపతిరావు నవ్వేశారు. "అది ఎర్రన్నదమ్మా. దిబ్బపేటోళ్లు ముట్టుకున్నదల్లా ఆ కంపే."

"మంట నాడు ఏ తాళం ఎలా తెరుచుకుంది?" అడిగారు జగన్నాధం.

తంపరవలస ప్రెసిడెంటు నారాయణమూర్తి పెద్దాయన. "నాదీ గణపతిదీ మొరాయించాయండి. సుత్తితో తట్టాలిసొచ్చింది. ఎర్రన్నది ఇట్టే వచ్చేసింది. అతను సముద్రం మీదికి ఏటకెళ్లాడు, పెళ్లాం తాళంచెవి పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. ముగ్గురూ లేనిదే ఎవరూ తాళం ముట్టుకోకూడదని కట్టుబాటు, అందుకని ఆ పిల్ల వచ్చేదాకా మేమిద్దరం అరగంట ఈ గుమ్మంలోనే నిలబడ్డాం. పొగ కనపడతానే ఉంది. ఏం చెయ్యగలం?"

"కాపలావాడు ఎప్పుడైనా కొట్టు వదిలి వెళ్లేవాడా?"

"ఆదివారం సంతకి. మేమే ఒప్పుకున్నాం."

గదిలో ఉన్న లక్ష్ముణ్ని చూడడానికి వెళితే వాడు కళ్లెత్తలేదు. "తాతమ్మ ఉసురు నాకే తగల్తాది బాబూ. సంతకెల్లకుండా ఉండాల్సింది," అన్నాడు. చెయ్యని తప్పుకి కుమిలిపోతున్నాడనుకుంది తాయారు.

దిబ్బపేటలో ఇంకా మసి వాసన పోలేదు. కాలిన పాకల నిట్రాళ్ల మధ్య జనం కొత్త తాటాకు కప్పుకుంటున్నారు. ప్రెసిడెంటు ఎర్రన్న ఇల్లు కూడా పోయింది. చనిపోయిన తాతమ్మ అతని తల్లే. అతని భార్య చిన్నతల్లి పొయ్యి రాళ్ల దగ్గర కూర్చుని ఉంది.

"మంట లేసినప్పుడు ఊరి ఆ కొసనున్నాది బాబూ," అందామె, అడక్కుండానే. "మా ఇంటికి రాదనుకున్నాను. మూడో తాళం లేకపోతే పంపు రాదు గదా! అత్తని మంచంలో ఒదిలేసి రెండు మైళ్లూ ఉరికినాను. గాలి మారినాది. నా కర్మ."

ఆమె ఏడవలేదు. ఏడవడం అయిపోయిన మనిషిలా ఉంది. జగన్నాధం పక్క పాక వైపు నడిచారు. అక్కడ మరిడమ్మ ముంతతో నీళ్లిచ్చింది. సముద్రం పక్కనే ఉన్న ఊళ్లో ఎంత తియ్యటి నీళ్లో!

"ఎక్కడివమ్మా ఇవి?"

"ఇసక దిబ్బ అవతల, ఎత్తు మీద ఊటున్నాది బాబూ. సుట్టూ తిరిగెల్లి మోసుకురావాల. ఈ మద్దెన నెల్లాళ్లు సుకపడ్డాం. మంట నాటి నుండీ మళ్లీ నడకే."

"ఏం, అంతకుముందు నడవలేదా?"

మరిడమ్మ నోరు తెరిచేలోగా ఎర్రన్న వచ్చాడు. నలభై ఏళ్లుంటాయి. నిద్రలేని కళ్లు. "బాబూ, లక్ష్ముణ్ని ఒదిలేయించండి. గొట్టం పోతే పోనాది. ఆణ్ని పోలీసులకియ్యొద్దని నేనూ సెప్తన్నాను. ఆళ్లు ఇనటం లేదు," అన్నాడు.

తిరిగి వస్తుంటే తాయారు, "ఆ ఎర్రన్నది మంచి మనసు మేష్టారూ. తల్లి పోయినా ఇంకొకడి కోసం అడుగుతున్నాడు," అంది.

"మంచి మనసే. నాకదే బాధగా ఉంది," అన్నారు జగన్నాధం.

గురువారం మూడు పంచాయితీలూ కొట్టు ముందు చేరాయి. బల్ల మీద ముగ్గురు ప్రెసిడెంట్లు. ఎదురుగా జనం. ఒక పక్క లక్ష్ముడు, వాడి భుజం పట్టుకుని కూర్మమ్మ. చిన్నతల్లి ఆడవాళ్ల ముందు వరసలో ఉంది. జగన్నాధం మూడు తాళాలూ వేయించి, అందరికీ లాగి చూపించారు.

"నారాయణమూర్తిగారూ, ఒక్క మీ తాళం తెరవండి. మిగతావాళ్లు కదలొద్దు."

ఆయన సుత్తితో తట్టి, తాళంచెవి తిప్పారు. కప్ప ఊడింది. జగన్నాధం గొలుసు పట్టుకుని లాగారు. అది రెండు తాళాలతో సహా జారి కింద పడింది. తలుపు తెరుచుకుంది.

గంగులు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"ఇది మూడు తాళాల కొట్టు కాదు," అన్నారు జగన్నాధం. "మూడిట్లో ఏ ఒక్కటి తెరిచినా తెరుచుకునే కొట్టు. ఎవరి తాళం కిందుండకూడదన్న పట్టింపుతో మీరే ఇలా చేసుకున్నారు. తెరిచిన ప్రతిసారీ ముగ్గురూ కలిసే తెరిచారు కనక మీకు తెలియలేదు. గొట్టం తీసినవాడికి మాత్రం తెలుసు."

"అయితే మాలో ఒకడంటారా?" గణపతిరావు లేచి నిలబడ్డారు.

"కప్పు కదపలేదు. గొలుసు తెగలేదు. మీ ఇద్దరి తాళాలూ ఉగాది నుంచి తెరవక తుప్పు పట్టి, సుత్తి దెబ్బకి గానీ రాలేదు. మూడోదానికి కొత్తగా నూనె పెట్టారు. లక్ష్ముడు సంతకెళ్లిన ఆదివారం ఒక మనిషి వచ్చి ఒకే తాళం తీసి, గొట్టం పట్టుకెళ్లాడు. అమ్ముకోడానికి కాదు. దిబ్బపేట ఆడవాళ్లు నెల్లాళ్లు నీళ్లకి నడవలేదు. ఊట ఎత్తు మీద, ఊరు పల్లంలో. మధ్యలో గొట్టం ఉంటే నీళ్లు వాటంతటవే వస్తాయి. తాయారూ!"

తాయారు బండి మీది గోనెలు తీసింది. ఇసక కొట్టుకుపోయిన గుడ్డ గొట్టం చుట్టలు చుట్టలుగా ఉంది.

"పొద్దున్న దిబ్బలోంచి తవ్వి తీశాం. ఎవరికీ కనపడకుండా పాతిపెట్టి, ఊరి వైపు చివర వెదురు బొంగు తొడిగారు. మంట తరవాత ఆ బొంగు పీకేశారు. ఆ రోజు గొట్టం లేదని అందరూ నెత్తీ నోరూ కొట్టుకున్నారు. అది దిబ్బపేటలోనే, కాలుతున్న ఇళ్లకి వంద గజాల్లో ఉంది."

మరిడమ్మ చెంపలు వాయించుకుంది. "ఓలమ్మో! సమితివోళ్లు బొంగేసి నీలిచ్చినారన్నాడు గదే ఎర్రన్న!"

ఎర్రన్న బల్ల మీంచి దిగాడు. తిన్నగా లక్ష్ముడి ముందుకెళ్లి కాళ్ల దగ్గర కూర్చున్నాడు.

"నానే. నీల్ల గురించి గొట్టమియ్యమని రెండుసార్లు మీటింగులో అడిగినాను. మంటకి తప్ప తియ్యకూడదన్నారు. ఓ రోజు నా తాళానికి నూనేసి తిప్పి సూస్తే గొలుసూడొచ్చినాది. వానలు పడ్డాక తెచ్చి పెట్టేద్దామనుకున్నాను. ఏట నుండి వొచ్చేసరికి అంతా అయిపోనాది. అమ్మ పోయాక నోరు రాలేదు. నిన్ను గదిలో ఏసి తాళమెట్టినా నోరు రాలేదు తమ్ముడూ."

కూర్మమ్మ ఊరుకోలేదు. "నోరు రాలేదా? నా మీద ఉమ్మేస్తంటే సూస్తూ నిలబడ్డావు గదరా!" అని ఎర్రన్న భుజాలు పట్టి కుదిపేసింది. తరవాత మొగుడి చెయ్యి పట్టుకుని లేవదీసింది.

నారాయణమూర్తి గొంతు తగ్గించి, "మేష్టారూ, ఇది ఇక్కడితో ఆపేద్దాం. గొట్టం దొరికింది. పైకి తెలిస్తే సమితివాళ్లు పంపు పట్టుకుపోతారు," అన్నారు.

"చేతిలో తాళంచెవి పెట్టుకుని మీరు అరగంట ఈ గుమ్మంలో నిలబడ్డారు," అన్నారు జగన్నాధం. "ఆ సంగతి కూడా ఆపేద్దామంటారా?"

పెద్దాయన తల దించుకున్నారు.

అప్పుడు చిన్నతల్లి లేచింది. కింద పడి ఉన్న గొలుసు చూసింది, తెరిచి ఉన్న తలుపు చూసింది. ఆమెకి మెల్లిగా అర్థమవుతోందని తాయారుకి తెలిసిపోయింది. తాయారు మొహం పక్కకి తిప్పేసుకుంది.

"ఒక్క తాళమే సాలునా మావా?" అంది చిన్నతల్లి. "ఈల్లు నా కోసం సూడక్కర్లేదా?"

ఎర్రన్న లేచి ఆమె వైపు ఒక అడుగు వేశాడు.

"నీకు తెలుసునా?"

"తెలుసునే."

"మరి నాకొక్క మాట సెప్పలేదేటి? నేను అత్త కాడే ఉందును గదా. ఎత్తుకుని గట్టు మీదికి తెచ్చీదాన్ని గదా. ఆ ముసల్ది నన్ను కేకేసే ఉంటాది మావా. నేను తాళంచెవి పట్టుకుని ఉరుకుతన్నాను."