వరస తప్పిన చుట్టం

"తొమ్మిదిన కొంగ వరిచేలో వాలుతుంది."

హనోయ్‌లోని తన గదిలో చీఫ్ ఆ కోడ్ సందేశాన్ని బల్లమీద పడేసి, సీక్రెట్ ఏజెంట్ థాక్ వైపు చూశాడు.

"కొంగ అంటే విదేశీ ముఠా పంపే హంతకుడు. వరిచేను అంటే జనరల్ విన్. తొమ్మిదిన ఏముందో తెలుసా?"

"ఆయన తల్లి తద్దినం, సార్."

"ఆయన ప్రయాణం ఆపించు."

ఆపించాలట! చెప్పడానికేం, చీఫ్ హాయిగా టీ తాగుతూ చెప్పాడు. జనరల్ విన్ పదిహేడేళ్లకే కరపత్రాలు పంచి జైలు దీవికి వెళ్లినవాడు. ఆరేళ్ల తర్వాత తెప్ప కట్టుకుని పారిపోయాడు. ఒకచోట బడిపంతులుగా, ఒకచోట ఉప్పు అమ్మేవాడిగా తిరుగుతూ ఊళ్లను కూడగట్టాడు. ముప్ఫైమందితో అడవిలో మొదలుపెట్టిన దళాన్ని వేలమంది సైనికుల డివిజన్ చేశాడు. ఇప్పుడు ప్రభుత్వంలో పెద్ద పదవి. ఇంత జీవితంలోనూ ఒకరి మాట విన్న దాఖలా మాత్రం ఫైల్లో ఎక్కడా లేదు.

"మా అమ్మ పోయిన రోజు నేను ఏటికి ఇవతల చెరుకుతోటలో దాక్కున్నాను. పాడె వెనక మా వాళ్లకంటే నాకోసం వచ్చిన పోలీసులే ఎక్కువమంది. పిడికెడు మట్టి వెయ్యలేకపోయాను. పదమూడేళ్లుగా ఒక్క తద్దినానికీ కూర్చోలేదు. ఈసారి కూర్చుంటాను" అన్నాడు జనరల్, థాక్ వెళ్లి బతిమాలితే.

"వాళ్లకీ అదే కావాలి, జనరల్ గారూ!"

"అయితే నువ్వెందుకున్నావయ్యా?"

థాక్ నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. గోడకు చెప్పినట్టే అయింది.

తొమ్మిదో తేదీ పొద్దున్నే జనరల్ సొంతూళ్లో దిగాక అసలు బాధ మొదలైంది. ఇంటినిండా నలభైమంది. ఒక్కొక్కరినీ తనిఖీ చెయ్యబోతే ముసలమ్మలు మీదపడ్డారు. "తద్దినానికి వచ్చినవాళ్ల జేబులు తడుముతావా? నీకు అమ్మా అయ్యా లేరా?" అని దులిపేశారు. పోనీ, విషాన్ని పట్టుకునే కాగితాలు ల్యాబ్ వాళ్లు ఇచ్చారు కదా అని వంటింట్లోకి వెళ్లాడు. ఉప్పులో ఊరబెట్టిన చేపల ఊట తగిలితే చాలు, ఆ కాగితం నల్లబడుతోంది. ఆ వంటింట్లో చేప ఊట పడని గిన్నె ఏది? కాగితాలన్నీ బూడిదలో పారేశాడు.

పెరట్లో యెన్ కనిపించింది. ఆకుపచ్చ పట్టు పొడుగు గౌను, మెడలో కెమెరా. పేరుకు పత్రికా ఫొటోగ్రాఫర్. నిజానికి ముఠా దగ్గరా, థాక్ ఆఫీసులోనూ, రెండుచోట్లా జీతం తీసుకునే మనిషి.

"కొంగ ఎవరు?" పళ్లు బిగించి అడిగాడు థాక్.

"చుట్టంలా వస్తాడు."

"ఇక్కడందరూ చుట్టాలే!"

"మరి నన్నేం చెయ్యమంటావ్?" అని యెన్ వక్కపండు గెల ఫొటో తీసుకుంది. థాక్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది.

లోపల జనరల్ ఒక పాతికేళ్ల అమ్మాయి ముందు నడుం వంచి "బాగున్నావా, అత్తయ్యా?" అంటున్నాడు. థాక్ నోరు తెరిచాడు. జనరల్‌కి తాత వరసైన ముసలి తోంగ్ విసనకర్రతో థాక్ భుజం తట్టాడు.

"ఏంటయ్యా, వింతగా చూస్తున్నావ్? అది మా వంశంలో పెద్ద పాయ పిల్ల, అంటే పెద్దన్న సంతతి. చిలగడదుంపంత ఉన్నా వరసే వరస. వీడు దేశానికి జనరలైతే కావచ్చు, ఇక్కడ అందరికంటే చిన్న పాయవాడు."

అగరుబత్తులు పూర్తిగా కాలాక పూర్వీకుల పీఠం మీది పళ్లేలు దించి చాపల మీద పెట్టారు. జిగురన్నం, ఉడికించిన కోడి, వరిసారా. అప్పుడే ఒక ముప్ఫై ఏళ్ల మనిషి చెమటలు కక్కుకుంటూ వచ్చాడు. ఎప్పుడో దక్షిణాన రబ్బరు తోటలకు పోయిన బాన్ మనవడట. పేరు క్వే.

"మా బాన్ అన్నయ్య మనవడా!" ముసలి తోంగ్ కళ్లు తుడుచుకున్నాడు.

థాక్ తల పట్టుకున్నాడు. ఇంకొక చుట్టం!

క్వే ఏడుస్తూ పీఠానికి మొక్కాడు. తను తెచ్చిన సీసాలోంచి సారా వంచి, రెండు చేతులా జనరల్‌కి అందించాడు.

"పెద్దన్నయ్యా, అమ్మ పేరు మీద పుచ్చుకోండి."

అమ్మ పేరు వినగానే జనరల్ కళ్లు చెమర్చాయి. కప్పు పెదవి దాకా వెళ్లింది.

ఠప్! విసనకర్ర జనరల్ మణికట్టు మీద పడింది.

"వరస తప్పి తాగుతావురా, వెధవా!" తోంగ్ మండిపడ్డాడు. "వీడు పెద్ద పాయ. ఎన్నేళ్లవాడైనా నీకు అన్న. వాడు నిన్ను అన్నా అనడమేంటి, నువ్వు పలకడమేంటి? ఏమోయ్ క్వే, మీ తాత నీకు ఇదైనా నేర్పలేదా? పెద్దవాడివి, ముందు నువ్వు తాగు."

జనరల్ బుద్ధిగా కప్పు చాచాడు. "నిజమే. ముందు మీరు, అన్నయ్యా."

క్వే మొహంలో నెత్తురు చుక్క లేదు.

థాక్‌కు అప్పుడు వెలిగింది. వరస తెలియని చుట్టం చుట్టం కాదు! జేబులోంచి పెన్ను లాగి నొక్కాడు. అది పెన్ను పిస్తోలు. పేలలేదు, సిరా కక్కింది. క్వే చాపలు దాటుకుని గుమ్మం వైపు దూకాడు. యెన్ కెమెరా పట్టీ అడ్డం వేసింది. బోర్లాపడినవాడి మీద థాక్ కూర్చుని చేతులు కట్టేశాడు.

"వంశవృక్షం వాడికి నేర్పింది నేనే. పేర్లన్నీ నేర్పాను, పాయలు మాత్రం తిరగేసి చెప్పాను" అంది యెన్, గౌను దులుపుకుంటూ.

"నాతో ఒక్క ముక్క చెప్పొచ్చుగా!"

"చెబితే నీ మొహం చూడగానే వాడు వాకిట్లోంచి వెనక్కి పోయేవాడు."

"తాత ఊరుకుని ఉంటే?"

"నీ పెన్ను కంటే ఆయన కోపం మీదే నాకు నమ్మకం."

థాక్‌కు ఏడుపొకటే తక్కువ. కొంగను జీపెక్కించి తిరిగి వచ్చేసరికి జనరల్ ఇంట్లోని సారానే కొత్త కప్పులో పోసి, తల్లి పటం ముందు పెట్టి, చిన్నపిల్లాడిలా వెక్కుతున్నాడు. ఆయన కళ్లు తుడుచుకుని లేచాడు. తర్వాత అందరూ వరస ప్రకారం ఎవరి చాప మీద వాళ్లు సర్దుకున్నారు. థాక్ ఒక్కడే నిలబడి ఉన్నాడు.

"ఇతన్ని ఎక్కడ కూర్చోబెట్టాలి?" తోంగ్ అడిగాడు. "నీకేమవుతాడ్రా?"

"నా సెక్యూరిటీ ఆఫీసర్, తాతా. ప్రాణాలు కాపాడేవాడు."

"అది ఉద్యోగం. నేనడిగింది వరస."