తెరకు కుడివైపు

“రేపు పోలీసోళ్లు వస్తరట మేడం. మా సారును నేనే చంపిన్నట.”

జంపక్క కుర్చీ అంచున కూర్చుంది. డిటెక్టివ్ శ్యామల కళ్లు మూసుకుని వింటోంది. ఆమె కళ్లు మూసుకుంటే కేసు సగం తేలినట్టేనని సహాయకుడు సతీష్ నమ్మకం. ఒక్కోసారి ఆమె నిజంగానే కునుకు తీస్తుందంటే మాత్రం ఒప్పుకోడు.

దమ్మపేటలో లెక్కల మాస్టారు వెంకటరామారావుకు పక్షవాతంతో మాట, కుడి చెయ్యి పోయాయి. ఆయనకు సేవ చేసేది జంపక్కే. ట్యాబ్‌లో గ్రాఫులు గీసే కాలిక్యులేటర్‌తోనే ఆయన మాట్లాడేవాడు. తెర మీది కీబోర్డులో ఎడమ చేత్తో ఒక అక్షరం నొక్కితే అది చలరాశి అయ్యేది, వేలితో జరిపి విలువ మార్చే గీత దాని కిందే, తెర ఎడమ పక్కన వచ్చేది. ‘డబ్ల్యూ’ అంటే నీళ్లు, ‘బి’ అంటే భార్య భారతమ్మ. ఒకటి పెడితే కావాలని, సున్నా పెడితే వద్దని.

నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోయి మాస్టారు చనిపోయాడు. తెర మీద చివరి వరుసలో ఇంగ్లీషు అక్షరాల్లో ‘జంపక్క నీళ్లు పోసింది’ అని ఉంది.

“పోశావా?” అడిగింది శ్యామల.

“లేదు మేడం. నీళ్లు సుత గంజిలెక్క చిక్కగ చేసి పొయ్యాలని దవాఖానాల చెప్పిన్రు. అప్పుడు నేను బయట బట్టలు పిండుతున్న.”

దమ్మపేట ఇంట్లో మాస్టారి దిండు మీద ఎండిన తులసాకు, పక్కన ఉద్ధరిణి సతీష్ కంటపడ్డాయి. శ్యామల మాత్రం భోజనం సంగతి అడిగింది.

“కంచంలో ఎడమ సగమే తినేవారండీ,” అంది భారతమ్మ. “కుడివైపు కనపడేది కాదు. నేను తిప్పి పెట్టేదాన్ని.”

“ట్యాబ్ ముందుగా ఎవరు చూశారు?”

“నేనే,” అంది కూతురు లిఖిత.

శ్యామల అందర్నీ మంచం చుట్టూ కూర్చోబెట్టి, కీబోర్డు కుడి సగాన్ని అరచేత్తో మూసింది. “సతీష్, జంపక్క అని రాయి.”

అతను వెతికి వెతికి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ‘ఏ’ తప్ప కావలసిన ఇంగ్లీషు అక్షరాలన్నీ అరచేతి కిందే ఉన్నాయి.

“మాటలు రాసే మీట కూడా కుడి మూలనే ఉంది. అది నొక్కకపోతే ప్రతి అక్షరమూ చలరాశే. మాస్టారు రాయలేదు. ఆ ఉద్ధరిణి చూసి మీరు రాశారు లిఖితా.”

లిఖిత భోరుమంది. “అమ్మ భద్రాచలం తీర్థం పోసింది. దానివల్లే నాన్న పోయారని తెలిస్తే అమ్మ బతకదు.”

“మరి నేను బతకద్దా, లిఖితమ్మా?” అంది జంపక్క మెల్లగా.

శ్యామల బొటనవేలు తెర మీద ఒక వరుసను కప్పి ఉంది. కింద ఏముందో సతీష్‌కు తెలుసు. డబ్ల్యూ, సున్నా.

“దాచకమ్మా, ఆ సున్నా నేను చూశాను,” అంది భారతమ్మ. “నీళ్లు వద్దన్నారు. నేను పోసేది తీర్థం కదా అనుకున్నాను. పోసి పూజగదిలోకి వెళ్లాను. తర్వాత ఏమైనా అడిగారా?”

శ్యామల వేలు తీసి ట్యాబ్ ఆమె ఒళ్లో పెట్టింది. సున్నా కింద ఇంకో వరుస ఉంది. అందులో బి. ఒకటి పెడితే సరిపోయేది. మాస్టారు గీతను చివరిదాకా జరిపాడు.