అందరూ రాండి, పోదాం

క్యాతగానచెర్లు ఓబులేశ్ పెళ్లాం పిల్లలతో విమానమెక్కాడంటే ఊరంతా ముక్కున వేలేసుకుంది. సోలార్ పలకలు కడిగించే అతని పని మెచ్చి కాంట్రాక్టరే మలేషియా టూరుకు పంపించాడు. భార్య రక్షిత, ఏడేళ్ల ధనుశ్రీ, ఇంకా చంక దిగని తిప్పేశ్, అందరూ వెళ్లారు. వెళ్లి చూసిన వింతేమిటయ్యా అంటే హోటల్ బాత్‌రూమ్! దిగిన మర్నాడే పిల్లలిద్దరికీ వాంతులు, ఒళ్లు కాలిపోయే జ్వరం. టూరు బస్సు వీళ్లను వదిలేసి పోయింది. వీళ్ల మాట డాక్టరుకు తెలియదు, డాక్టరు మాట వీళ్లకు తెలియదు. రక్షిత గదిలోని టీ కెటిల్‌లోనే రాగి జావ కాచి, చెంచాతో పోస్తూ, గుర్తొచ్చిన దేవుళ్లందరికీ మొక్కుకుంది.

ఇంటికొచ్చాక తిప్పేశ్ కోలుకున్నాడు. ధనుశ్రీని మాత్రం జ్వరం వదల్లేదు. పావగడలో రక్తపరీక్షలు చేయించారు, ఏమీ లేదన్నారు. పిల్ల రోజురోజుకీ ఎండిపోతోంది. పైగా ఒక కొత్త అలవాటు. పెట్టిన సంగటిలో సగం తుంచి పక్కన పెడుతుంది.

"ఎవరికే అది?" అడిగింది రక్షిత.

"ఆ పాపకి. మనతో విమానంలో వచ్చింది కదా."

ఆ పూట నుంచి తలుపు వెనక, మంచం కింద, ఆరేసిన చీరల మధ్య అనుమానంగా వెతకడమే రక్షిత పని. ఎవరూ లేరు. కానీ ధనుశ్రీ పడుకున్న చాప రెండో పక్క ఎప్పుడు తాకినా చల్లగా ఉండేది.

చివరికి అత్త వెంకటక్కతో చెప్పింది. ముసలామె కోడలి ముఖంలోకి సూటిగా చూసింది.

"ఆడ గది ఇడిచి వచ్చేటప్పుడు గడప కాడ నిలబడి బిడ్డల్ని పేర్లు పెట్టి పిలిస్తివా?"

జబ్బుపడిన చోట బిడ్డ ప్రాణం బెదిరి ఆగిపోతుందని, పేరు పెట్టి పిలిచి వెంట తెచ్చుకోవాలని ఆ ఇంటి నమ్మకం. వెంకటక్క ఫోనులో మరీ మరీ చెప్పింది కూడా. కానీ కోటు వేసుకున్న హోటల్ వాళ్లు చూస్తుంటే రక్షితకు సిగ్గేసింది.

"పేర్లు చెప్పలేదత్తా. 'అందరూ రాండి, పోదాం' అంటిని."

వెంకటక్క ధనుశ్రీ చాప వైపు చూసింది. "అందరూ అంటే... ఆడ ఎవురెవురు ఉండిరో ఏమో."

ఆ రోజే పొద్దు వాలుతుండగా అత్తాకోడళ్లు పిల్లలను తీసుకుని ఊరి బయట సోలార్ పలకల వరసల మధ్య దారులు కలిసే చోటికి వెళ్లారు. వెంకటక్క దిష్టి తీసిన ఎర్రన్నం ముద్ద నేల మీద పెట్టింది. "నువ్వు ఈడనే ఉండిపో తల్లీ. మా బిడ్డ జోలికి రావద్దు." తర్వాత కోడలి చెవిలో గుసగుసలాడింది. "ఇప్పుడు పేర్లు పెట్టి పిలువు. చెయ్యి పట్టుకోవద్దు, పిలుపుకే రావల్ల. ఇల్లు చేరేదాకా తిరిగి చూడొద్దు."

రక్షిత తిప్పేశ్‌ను భుజాన వేసుకుంది. "తిప్పేశా, రా. ధనుశ్రీ, రా. ఇంటికి పోదాం." గొంతెత్తి పిలిచింది. ఈసారి సిగ్గుపడలేదు.

నడిచారు. ఎండకు కాగిన పలకలు చల్లారుతూ టిక్... టిక్... మంటున్నాయి. కాలిన గడ్డి వాసన. వెనక చిన్న అడుగులు. వస్తున్నాయి... ఆగాయి... మళ్లీ వస్తున్నాయి. రక్షిత మెడ బిగుసుకుపోయింది. తిరగలేదు. భుజం మీద తిప్పేశ్ వెనక్కి చూస్తూ చెయ్యి ఊపుతున్నాడు. టాటా... టాటా... అంటే ఎవరో వెనకే ఆగిపోతున్నారన్నమాట. పీడ వదిలిందనుకుని రక్షిత గబగబా నడిచింది.

ధనుశ్రీ వెనకాలే గడప దాటి వచ్చింది. నుదురు చల్లగా ఉంది. ఆకలేస్తోందని తనే అడిగి వంటింట్లో కూర్చుని తింటోంది. రక్షిత సంతోషం పట్టలేక ఏడ్చేసింది.

చీకటి పడుతుండగా ఓబులేశ్ బండి వచ్చి ఆగింది. వాకిట్లోంచే అరిచాడు.

"మీకు బుద్ధి ఉండాదా? పిల్లను ఆడ పలకల కాడ ఒంటిగా ఇడిచిపెట్టి వచ్చినారేంది?"

అతని చేతుల్లో ధనుశ్రీ. ఒళ్లు నిప్పులా కాలిపోతోంది. పెదవులు మెల్లగా కదిలాయి.

"అమ్మా... నువ్వు పిలిస్తే వస్తానే ఉంటిని. ఆ పాప నా నోరు మూసింది..."

రక్షిత చేతులు చాచబోయి ఆగిపోయింది. వంటింట్లో గిన్నె చప్పుడు ఆగింది.

"అమ్మా, తలుపెయ్యి..." లోపలి నుంచి ధనుశ్రీ గొంతు వణుకుతూ వినిపించింది. "అది నా మాదిరే మాట్లాడతాది."